పిన్ను పట్టినంతమాత్రాన

విదేశానికి సామాను సర్దుకునే ఇంట్లో ఛార్జర్ల సంగతి రాగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: అక్కడి సాకెట్లో మన పిన్ను పడుతుందా? పడదని తెలిస్తే బజారుకెళ్ళి ఓ అడాప్టర్ కొనుక్కొస్తారు, దాంతో ఆ పని అయిపోయిందనుకుంటారు. నా ఉద్దేశంలో అది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది, చేతిలో ఉన్న వస్తువు అక్కడి వోల్టేజీకి తయారైందా లేదా అని. అడాప్టర్ చేసే పని చాలా చిన్నది. మన గుండ్రటి పిన్నులను ఒక పక్క పట్టుకుని, రెండో పక్క అక్కడి సాకెట్‌కు సరిపడే పిన్నులు అందిస్తుంది. లోపల ఉండేవి కొన్ని లోహపు రేకులు. గోడలోంచి 120 వోల్టులు వస్తే 120, 230 వస్తే 230 ఇవతలికి పంపిస్తుంది. మన దేశంలో ఎక్కడికెళ్ళినా ఒకటే వోల్టేజీ కాబట్టి ప్లగ్గు పట్టిందంటే వస్తువు పనిచేస్తుందన్న నమ్మకం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటైపోయింది. సరిహద్దు దాటాక ఆ నమ్మకమే వస్తువులను కాలుస్తుంది, ఒక్కోసారి చేతులనూ కాలుస్తుంది.

పిన్ను ఆకారానికీ వోల్టేజీకీ సంబంధం లేదనడానికి గట్టి సాక్ష్యం బ్రెజిల్. ప్రపంచమంతటికీ ఒకే రకం ప్లగ్గు ఉండాలని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1986లో ఒక నమూనా ప్రకటించింది. దాన్ని పట్టించుకున్న దేశాలు బహు కొద్ది. వాటిలో బ్రెజిల్ ఒకటి, కొద్ది మార్పులతో తీసుకుంది. అయితే సావో పాలో, రియో నగరాల్లో ఆ సాకెట్లో వచ్చేది 127 వోల్టులు. రాజధాని బ్రెజీలియాలో, ఈశాన్యాన రెసిఫేలో అదే ఆకారపు సాకెట్లో 220. ఒకే దేశం, ఒకే రంధ్రాలు, కరెంటు మాత్రం వేరు. అంత దూరం ఎందుకు, మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళే థాయ్‌లాండ్‌నే చూడండి. అక్కడి సాకెట్లు చాలావరకు గుండ్రటి పిన్నులనూ పట్టుకుంటాయి, అమెరికా తరహా బల్లపరుపు పిన్నులనూ పట్టుకుంటాయి. వచ్చేది మాత్రం మనలాగే 230 వోల్టుల ప్రాంతం. డాలస్ నుంచి వచ్చిన అక్క, హైదరాబాద్ నుంచి వెళ్ళిన చెల్లెలు బ్యాంకాక్ హోటల్లో కలిశారనుకోండి. అక్క తెచ్చిన 120 వోల్టుల హెయిర్ డ్రయ్యర్ అడాప్టర్ అవసరమే లేకుండా గోడలో చక్కగా దిగుతుంది. దిగిన కాసేపటికే కాలిపోతుంది. జపాన్ సాకెట్ కూడా చూడటానికి అమెరికా సాకెట్‌లాగే ఉంటుంది కానీ అక్కడ 100 వోల్టులే. పైగా టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. 1890లలో ఒక నగరం జర్మనీ జనరేటర్లు, మరో నగరం అమెరికా జనరేటర్లు తెప్పించుకున్నందువల్ల పడిన తేడా అది, నేటికీ పోలేదు.

మన ఇళ్ళలో ఉండేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. బ్రిటన్, ఐరోపా, ఆస్ట్రేలియా, సింగపూర్, మలేసియా, గల్ఫ్ దేశాలు ఇంచుమించు ఇదే వోల్టేజీలో ఉన్నాయి (కువైట్ వంటి చోట్ల 240, అది పెద్ద తేడా కాదు). అమెరికా, కెనడాలలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. కనుక దుబాయ్ వెళ్ళేవారి సమస్య, చికాగో వెళ్ళేవారి సమస్య ఒకటి కాదు. దుబాయ్‌లో తేడా పిన్నులోనే, చికాగోలో కరెంటులోనూ. ఇద్దరికీ ఒకే సలహా ఇచ్చే దుకాణదారుడి మాట మీద ఆధారపడకూడదని నేననేది అందుకే.

సమాధానం వస్తువు మీదే ఉంటుంది. ఛార్జర్ వెనకో, మిక్సీ అడుగునో, ట్రిమ్మర్ స్టాండు కిందో సన్నటి అక్షరాల్లో ‘ఇన్‌పుట్’ అన్న వరుస చూడండి. అక్కడ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఆ వస్తువు ఏ దేశానికైనా వస్తుంది, దానికి కావలసింది అడాప్టర్ ఒక్కటే. 230 లేదా 220-240 అని మాత్రమే ఉంటే అమెరికా, కెనడా, జపాన్ ప్రయాణంలో దానికి చోటు లేదు. పక్కనే ఉండే ‘అవుట్‌పుట్’ వరుసతో పొరపడకండి. అక్కడ కనిపించే 5 వోల్టులు, 20 వోల్టులు ఛార్జర్ నుంచి ఫోనుకో లాప్‌టాప్‌కో వెళ్ళేవి. ఫోన్లు, లాప్‌టాప్‌లు, కెమెరాల ఛార్జర్లు దాదాపు అన్నీ ఇప్పుడు 100-240 రకమే. గోడలోంచి వచ్చిన కరెంటును అవి ముందు డీసీగా మార్చుకుని, ఆ తర్వాత తమకు కావలసినంతకు దించుకుంటాయి. అందుకే వోల్టేజీ ఎంతైనా, హెర్ట్జ్ ఎంతైనా వాటికి పట్టదు. నిద్రలో శ్వాస కోసం వాడే సీప్యాప్ యంత్రాల్లోనూ ఎక్కువ భాగం ఈ రకమే. ట్రిమ్మర్లు, ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్‌ల విషయంలో ఇంత ధీమా పనికిరాదు. ఒకే కంపెనీ ఒక మోడల్‌ను అన్ని దేశాలకూ, మరో మోడల్‌ను ఒక్క దేశానికీ చేస్తుంది. చదివితేనే తెలుస్తుంది. అక్షరాలు మరీ చిన్నవైతే ఫోనుతో ఫొటో తీసి పెద్దవి చేసుకోండి.

ఇక వేడి పుట్టించే వస్తువులు: కెటిల్, రైస్ కుక్కర్, ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్. వీటి దగ్గర ఒక చిన్న లెక్క తెలుసుకోవాలి. వేడి తీగె నిరోధం మారదు కాబట్టి, వోల్టేజీ సగమైతే పవర్ సగం కాదు, నాలుగో వంతవుతుంది. మన 1500 వాట్ల కెటిల్‌ను 120 వోల్టుల సాకెట్‌కు తగిలిస్తే అది సుమారు 400 వాట్ల కెటిల్ అవుతుంది. మూడు నాలుగు నిమిషాల్లో మరగాల్సిన లీటరు నీళ్ళకు పన్నెండు నిమిషాల పైనే పడుతుంది. దీని మీద ఒక అభ్యంతరం వస్తుంది: ఆలస్యమైతే అయింది, ప్రమాదమేమీ లేదుగా? ఒప్పుకుంటాను, కేవలం వేడి తీగె మాత్రమే ఉన్న వస్తువుకు తక్కువ వోల్టేజీ వల్ల హాని దాదాపు లేదు. పని జరగదు, అంతే. కానీ అటునుంచి ఇటు వచ్చే వస్తువుకు ఇదే లెక్క తిరగబడుతుంది. అమెరికాలో 1500 వాట్లుగా పనిచేసే డ్రయ్యర్ మన 230 వోల్టుల మీద 5,500 వాట్లు లాగబోతుంది. సన్నటి వైరూ, చిన్న ప్లగ్గూ, మధ్యలోని అడాప్టరూ మోయగలిగిన దానికి అది ఎన్నో రెట్లు. ఏదో ఒకటి క్షణాల్లో కాలాలి. అది డ్రయ్యరే అయితే అదృష్టం.

మోటారు ఉన్న వస్తువుల దగ్గర ‘నెమ్మదిగా పనిచేస్తుందిలే’ అన్న మాట అసలు చెల్లదు. మన మిక్సీని 120 వోల్టుల మీద వేస్తే తిరుగుతుంది. ఖాళీ జారులో బాగానే తిరుగుతున్నట్టు కనిపిస్తుంది కూడా. దోసెల పిండి వేయగానే సత్తువ చాలక బిగుసుకుపోతుంది. మోటారును చల్లబరిచే గాలి మోటారు తిరిగితేనే వస్తుంది. అది ఆగి ఉండగా కరెంటు పారుతూనే ఉంటే చుట్టలు వేడెక్కి, పైపూత కాలి, ఆ వాసన వంటింట్లో నిలుస్తుంది. అమెరికాలోని భారతీయ దుకాణాల్లో మన తరహా మిక్సీలే 110 వోల్టుల మోడళ్ళుగా దొరుకుతాయి. దీర్ఘకాలం ఉండబోయేవారు వాటినే కొనడం మంచిది.

మోటారు వస్తువుల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది నెబ్యులైజర్. పిల్లల దగ్గర ఆరు నెలలుండటానికి వెళ్ళే పెద్దవాళ్ళలో ఆస్తమా ఉన్నవారు దీన్ని తప్పక వెంట తీసుకెళ్తారు. మన దగ్గర దొరికే కంప్రెసర్ రకాల్లో చాలావాటి మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటుంది. అమెరికా సాకెట్లో అది నీరసంగా ఆడి, మందును సరైన తుంపరగా మార్చలేకపోవచ్చు. ఆ సంగతి తెలిసేది ఊపిరాడని అర్ధరాత్రి. ప్రయాణానికి ముందే డాక్టరుతో మాట్లాడి, బ్యాటరీతోనో యూఎస్‌బీతోనో నడిచే మెష్ నెబ్యులైజర్ తీసుకోవడమో, దిగగానే అక్కడి యంత్రం సిద్ధంగా ఉండేలా పిల్లలకు చెప్పడమో చేయాలి. ఈ ఒక్క వస్తువు విషయంలో ‘అక్కడికెళ్ళాక చూద్దాం’ అనే మాట వద్దు.

కన్వర్టర్ కొంటే సరిపోతుంది కదా అనేది తరచూ వినిపించే వాదన. సూత్రం ప్రకారం నిజమే. 120ని 230గా పెంచే ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయి. కానీ లెక్కేసి చూడండి. 750 వాట్ల మిక్సీ మొదలయ్యేటప్పుడు అంతకన్నా ఎక్కువ లాగుతుంది కాబట్టి దానికి రెట్టింపు సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది కొన్ని కిలోల ఇనుము, రాగి. పెట్టె బరువు గ్రాముల్లో చూసుకునే విమాన ప్రయాణంలో దాన్ని మోసుకెళ్ళడం, లేదా అక్కడ కొనడం, ఆ ఖర్చు పక్కన అక్కడి మిక్సీ ధర పెట్టి చూస్తే మొగ్గు ఎటో తెలిసిపోతుంది. పైగా ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుందే కానీ హెర్ట్జ్‌ను మార్చలేదు. కొన్ని మోటార్ల వేగం హెర్ట్జ్‌ను బట్టే ఉంటుంది. ఇక జేబులో పట్టేంత తేలికపాటి ‘ట్రావెల్ కన్వర్టర్లు’ చాలావరకు అమెరికన్లు బయటి దేశాలకు తీసుకెళ్ళడానికి, అంటే 230ని దించడానికి చేసినవి. వాటిలోనూ ఎక్కువ వాట్ల రకాలు వేడి పుట్టించే వస్తువులకే పనికొస్తాయి. 120ని పెంచడం వాటి పని కాదు.

‘ఎంతోమంది వట్టి అడాప్టర్‌తోనే వాడుతున్నారు, ఎవరికేమైంది?’ అనేది ఇంకో అభ్యంతరం. అనుభవం మీద నిలిచిన మాటలా వినిపిస్తుంది కాబట్టి దీనికి కాస్త జాగ్రత్తగా జవాబు చెప్పాలి. వేడి చేసే నష్టం ఒక్కరోజులో కనిపించదు. వదులుగా పట్టిన పిన్ను దగ్గర కొద్దిగా వేడి పుడుతుంది, ఆ వేడికి రేకు స్ప్రింగు బిగువు తగ్గుతుంది, పట్టు ఇంకా వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. అడాప్టర్ పసుపుపచ్చగా మారి, ప్లాస్టిక్ వంగి, చివరికి అంటుకునే దాకా ఈ చక్రం నెలల తరబడి సాగవచ్చు. ఏమీ కాలేదన్న వారిలో చాలామంది ఈ చక్రం మధ్యలో ఉన్నారు. ఏదైనా అయితే గోడలోని బ్రేకర్ పడిపోతుందన్న ధైర్యమూ సరికాదు. బ్రేకర్ గోడలోని వైరును కాపాడటానికి పెట్టింది. మీ అడాప్టర్ ఆరు ఆంపియర్లకే తయారైందనీ, దాని మీద పది ఆంపియర్లు పారుతున్నాయనీ దానికి తెలిసే దారి లేదు.

ఆంపియర్లంటే గుర్తొచ్చింది, మంచి అడాప్టర్ మీద ‘6ఏ’ అనో ‘10ఏ’ అనో రాసి ఉంటుంది. ఆరు ఆంపియర్లంటే లండన్‌లో 1380 వాట్లు. అదే అడాప్టర్, అదే ఆరు ఆంపియర్లు న్యూజెర్సీలో 720 వాట్లే. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే వాట్ల సంఖ్య సాధారణంగా ఎక్కువ వోల్టేజీకి చెప్పిందే. ఆంపియర్ల సంఖ్యే లేని అడాప్టర్‌ను నేనైతే ఎవరికీ కొనమని చెప్పను. ఛార్జర్లకు ఈ బాధ లేదు. ఫోను ఛార్జర్ పదుల వాట్లలో, మామూలు లాప్‌టాప్ వందలోపు ఉంటాయి. అడాప్టర్‌ను ఛార్జర్లకు పరిమితం చేసి, వేడి పుట్టించేవాటిని దాని దగ్గరికి రానీయకపోతే చాలు, దుబాయ్ అయినా డెన్వర్ అయినా ప్రమాదాల్లో పెద్ద భాగం తప్పిపోతుంది.

మిగిలే భాగం ఎర్త్. మన త్రీ పిన్ ప్లగ్గులో పొడుగ్గా, లావుగా ఉండే మూడో పిన్నుకు ఒకటే పని: వస్తువు లోపల వైరు తెగి ఇనుప ఒంటికి తగిలితే ఆ కరెంటును భూమిలోకి పంపి, ఫ్యూజు పోయేలా చేయడం. చవక అడాప్టర్లలో చాలావాటికి వెనక మూడు రంధ్రాలు, ముందు రెండే పిన్నులు. మూడో రంధ్రం ఎక్కడికీ చేరదు. జర్మనీ సాకెట్లో ఎర్త్ పక్కనున్న రేకుల ద్వారా వస్తుంది, ఫ్రాన్సులో సాకెట్లోంచి బయటికి పొడుచుకొచ్చిన పిన్ను ద్వారా వస్తుంది. రెండు గుండ్రటి పిన్నులే ఉన్న అడాప్టర్ ఆ రెండు చోట్లా దిగుతుంది, ఎర్త్‌ను మాత్రం అందుకోదు. అలాంటప్పుడు లాప్‌టాప్ లోహపు మూత మీద వేలు ఆనిస్తే సన్నగా జివ్వుమంటుంది. అది ఛార్జర్ లోపలి ఫిల్టర్ నుంచి వచ్చే స్వల్ప లీకేజీ, మామూలుగా హాని చేసేది కాదు. అయినా దాన్ని ఒక సమాచారంగా తీసుకోవాలి: ఇక్కడ ఎర్త్ లేదు. అదే చోట ఇనుప ఒళ్ళున్న ఇస్త్రీపెట్టె పెడితే ప్రాణాపాయం. ఎర్త్ అక్కర్లేని వస్తువుల మీద ఒక చదరంలో ఇంకో చదరం ఉన్న గుర్తు ఉంటుంది, రెట్టింపు ఇన్సులేషన్ ఉందని దాని అర్థం. ఫోను ఛార్జర్ల మీద వెతికితే కనిపిస్తుంది. ఆ గుర్తున్న వస్తువుకు రెండు పిన్నుల అడాప్టర్ చాలు, లేని త్రీ పిన్ వస్తువుకు చాలదు.

బ్రిటిష్ తరహా సాకెట్ల గురించి కాస్త విడిగా చెప్పాలి, ఎందుకంటే గల్ఫ్‌లో ఉండే మనవాళ్ళు రోజూ వాడేవి అవే. ఆ సాకెట్లో ఎర్త్ పిన్ను లోపలికి వెళ్తేనే మిగతా రెండు రంధ్రాల మూతలు తెరుచుకుంటాయి. గదుల్లో చాలామంది పెన్నో పుల్లో ఎర్త్ రంధ్రంలో నొక్కి, మూతలు తెరిచి, టూ పిన్ ప్లగ్గును నేరుగా దూర్చేస్తారు. ఛార్జింగ్ అవుతుంది కాబట్టి తప్పేమిటో కనిపించదు. బ్రిటన్‌లో 1947లో వచ్చిన ఈ ప్లగ్గుకు ఒక ప్రత్యేకత ఉంది: ఫ్యూజు ప్లగ్గులోనే ఉంటుంది. అక్కడి వైరింగ్ పద్ధతిలో గోడ వెనక బ్రేకర్ 32 ఆంపియర్ల దాకా ఊరుకుంటుంది. సన్నటి ఛార్జర్ వైరును కాపాడాల్సింది ప్లగ్గులోని 3 లేదా 13 ఆంపియర్ల ఫ్యూజే. పెన్నుతో దూర్చిన టూ పిన్‌కు ఆ ఫ్యూజు లేదు. ఐదారు దిర్హాముల అడాప్టర్‌కు బదులుగా వదులుకుంటున్నది ఆ రక్షణ. అమెరికాలోనూ ఇలాంటి అలవాటు ఒకటుంది. అక్కడి ప్లగ్గులో ఒక పిన్నును వెడల్పుగా చేసేది అది న్యూట్రల్ వైపే దిగాలని. పాత సాకెట్లోనో అడాప్టర్లోనో పట్టడం లేదని దాన్ని ఆకురాయితో అరగదీయకండి.

అన్ని దేశాలకూ పనికొచ్చే యూనివర్సల్ అడాప్టర్ కొనాలా, ఒక్క దేశపు అడాప్టరా? నాలుగు దేశాలు తిరిగేవారికి మొదటిదే సౌకర్యమన్నది నిజం. కానీ అన్ని ఆకారాలనూ పట్టుకోవాల్సిన రంధ్రం దేన్నీ గట్టిగా పట్టుకోదు, ఎర్త్ చాలావాటిలో ఉండదు, బరువు ఎక్కువై గోడలోంచి జారుతుంది. వెళ్ళేది ఒకటి రెండు దేశాలకైతే ఆ దేశపు అడాప్టర్ ఒకటి, ఎర్త్ ఉన్నది, కొనుక్కోండి. దానికి నాలుగైదు పోర్టులున్న మంచి యూఎస్‌బీ ఛార్జర్ ఒకటి తగిలిస్తే ఇంటిల్లిపాది ఫోన్లు, ఇయర్‌ఫోన్లు, యూఎస్‌బీతో ఛార్జయ్యే లాప్‌టాపూ గడిచిపోతాయి. ఇక్కడి ఎక్స్‌టెన్షన్ బోర్డును అడాప్టర్‌కు తగిలించి వాడేవారున్నారు. ఛార్జర్ల వరకు ఫరవాలేదు. బోర్డులో ఖాళీ ఉంది కదా అని ఎవరో ఒకరు కెటిల్ పెట్టేస్తారు, అదే దానితో వచ్చే చిక్కు.

స్నానాల గది విషయం త్వరగా చెప్పేస్తాను. బ్రిటన్‌లో అద్దం పక్కన కనిపించే ‘షేవర్స్ ఓన్లీ’ సాకెట్ కొద్ది పదుల వాట్లకు మించి ఇవ్వలేదు. షేవర్, టూత్‌బ్రష్ తప్ప ఏదీ పెట్టకూడదు. అమెరికాలో సింకు పక్కన ‘టెస్ట్’, ‘రీసెట్’ బొత్తాలున్న సాకెట్ లీకేజీ ఐదు మిల్లీ ఆంపియర్ల ప్రాంతానికి చేరగానే కరెంటు ఆపేస్తుంది. మీ వస్తువు పెట్టగానే అది పడిపోతుంటే సాకెట్‌ను తిట్టకుండా వస్తువును పక్కన పెట్టండి. చదువుకోవడానికి వెళ్ళే పిల్లలు ఇంకోటి కూడా చూసుకోవాలి. అమెరికా విశ్వవిద్యాలయాల వసతిగృహాల్లో చాలాచోట్ల గదిలో రైస్ కుక్కర్, హాట్ ప్లేట్ నిషేధం. మోసుకెళ్ళాక తెలిస్తే ఆ బరువంతా దండగ.

కొన్ని ప్రయాణపు ఇస్త్రీపెట్టెలకూ డ్రయ్యర్లకూ 115, 230 అని మార్చుకునే మీట ఉంటుంది. అమెరికాలో 115 మీద పెట్టి వాడి, అలాగే పెట్టెలో సర్దుకుని, ఇంటికొచ్చి మళ్ళీ గోడకు పెట్టిన క్షణంలో అవి పోతాయి. సర్దేటప్పుడే మీటను 230 వైపు తిప్పి టేపు అంటించండి. తిరుగు ప్రయాణంలో వచ్చే బహుమతుల ఇన్‌పుట్ వరుస కూడా అక్కడి దుకాణంలోనే చదవండి: 120 అని మాత్రమే ఉన్న జుట్టు సాపు చేసే పరికరం, కాళ్ళు పట్టే యంత్రం మన ఇంట్లో పనికిరావు. అన్నిటికన్నా ప్రమాదమైనది అమెరికా నుంచి తెచ్చుకునే సర్జ్ ప్రొటెక్టర్ పవర్ స్ట్రిప్. దానిలో ఏ మోటారూ లేదు, వట్టి బోర్డే కదా అనిపిస్తుంది. లోపల 120 వోల్టుల లైనుకు సరిపడేలా అమర్చిన రక్షణ భాగం ఉంటుంది. 230 తగలగానే అది దాన్ని సర్జ్ అనుకుని ఆపకుండా కరెంటు లాగి వేడెక్కుతుంది, పగులుతుంది, మంటా రావచ్చు. విజయవాడలోనో వరంగల్‌లోనో తక్కువ ధరకే ఐఎస్‌ఐ గుర్తున్న బోర్డు దొరుకుతుండగా దాన్ని పెట్టెలో పెట్టుకోవాల్సిన పని లేదు. ఇప్పటికే ఇంట్లో ఒకటి ఉంటే, ఎవరూ వాడకుండా ఈరోజే తీసేయండి.